మేక ముట్టని చెట్లు

2016 అక్టోబరు 11న మన పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. కాగితం మీద గీతలు మారాయి గాని, ఈ మూడింటి చెరువు శిఖాలలో, అడవి అంచులలో, రోడ్ల నడుమ నిలిచిన చెట్ల చరిత్ర ఒక్కటే. సర్కారు మనకు మూడు విడతలుగా మూడు పరదేశపు చెట్లను ఇచ్చింది. మూడూ సదుద్దేశంతో వచ్చినవే. మూడింటినీ ఒకే సుగుణం చూసి మెచ్చుకున్నారు. వాటి ఆకును మేక ముట్టదు!

మొదటిది సర్కారు తుమ్మ. ఎవరు తెచ్చారో పేరులోనే ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ కన్సర్వేటరు కల్నల్ బెడ్డోమ్, ఈ చెట్టు విత్తనాలు తెప్పించవలసిందిగా రెవెన్యూ శాఖ కార్యదర్శికి లేఖ రాశారు. మరుసటి ఏడు జమైకా విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఒక లేఖ, దాని మీద ఒక ఉత్తర్వు. దస్త్రాల మధ్య బతికిన మనకు ఇది కొత్తేమీ కాదు. ఎండిన నేలలో వంటచెరకు దొరికిన మాట నిజమే. బీదల పొయ్యిలు ఎన్నో ఏళ్ళు దానితోనే మండాయి. అయితే ఆకు ముట్టని మేకలే తియ్యని కాయలను మెక్కి, విత్తనాలను ఊరూరా మోసుకుపోయాయి. దాని నీడన మరో మొక్క సరిగా మొలవదు. రాలిన ఆకులోని రసాయనాలే ఇతర విత్తనాలను అణచివేస్తాయి. వేరు సంగతి చెప్పనక్కరలేదు. అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వకంలో ఈ జాతి చెట్టు వేరు 50 మీటర్లకు పైగా లోతున బయటపడింది.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మన చెరువులలో పూడిక తీయడానికి ముందు ఈ కంపను పెకలించవలసి వచ్చింది. బంజర్లలో తంగేడు, గునుగు ఉండవలసిన చోట కూడా ఇదే అల్లుకుంది. బతుకమ్మకు పూలు బజారులో కొనే రోజులు రావడానికి ఇదీ ఒక కారణమే. చిత్రమేమంటే మన రాష్ట్ర వృక్షం జమ్మి దీనికి దగ్గరి చుట్టమే. జమ్మి ఆకును మేకలు ఇష్టంగా తింటాయి, దాని కింద పంట పండుతుంది. కాకపోతే నిదానంగా పెరుగుతుంది. నిదానంగా పెరిగేదానికి ఏ పథకంలోనూ చోటు దొరకదు.

రెండవది నీలగిరి. మనవైపు జామాయిల్ అంటే అందరికీ తెలుస్తుంది. 1975లో అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక, భూపాలపల్లి వైపు అడవులలో ఇప్ప, మోదుగ, తునికి కలిసి పెరిగిన చోట్ల వరుసలు తీర్చిన జామాయిల్ తోటలు వెలిశాయి. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు కర్మాగారం కర్రను కొనుక్కునేది. (కడప కమలాపురం వేరు, ఇది వేరు. రెండు చెట్ల కథలలోనూ ఒకే ఊరి పేరు తగలడం యాదృచ్ఛికం.) ఆ కర్మాగారం 2014లో మూతపడింది. తోటలు మిగిలాయి. ఇప్పపువ్వు ఏరుకుని బతికిన కోయవారికి ఆ తోటలో ఏరుకునేందుకు ఏమున్నది?

నీటి విషయంలో మాత్రం న్యాయంగా మాట్లాడాలి. కర్ణాటకలో కాల్డర్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి కొలతలు తీసింది. పలుచని నేలలో జామాయిల్ తాగిన నీరు స్థానిక అడవి తాగినదానికన్నా ఎక్కువేమీ కాదు. హోసకోట దగ్గర లోతైన మట్టిలో మాత్రం పడిన వానకన్నా ఎక్కువ తాగింది. ఏటేటా వేరు కిందికి దిగి, పాత తేమను తోడుకుంది. 2017లో కర్ణాటక కొత్త తోటలను నిషేధించింది. మన జనగామలో రాతి నేల. నీరు నిలిచేది పగుళ్ళలోను, పైనున్న మెత్తని పొరలోను మాత్రమే. ఆ నీటిని అడుగంటించినవి ప్రధానంగా మన బోరుబావులు. ఆ పాపమంతా చెట్టు నెత్తిన రుద్దడం తగదు. అయితే అప్పటికే ఎండిన చోట మరింత తాగే చెట్టును పెట్టడం ఏ లెక్కన సబబో చెప్పేవారు లేరు.

మూడవది కోనోకార్పస్. సొమాలియా, యెమెన్ తీరాల వాసి. అరబ్బు దేశాల నగరాలను పచ్చగా చేసి మన దగ్గరికి వచ్చింది. 2015 జులైలో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కలలో 85 శాతం బతకాలని, లేకుంటే సర్పంచి, కార్యదర్శి బాధ్యులని చెప్పింది. ఇక కార్యదర్శి ఏం చేస్తాడు? కొమ్మ గుచ్చితే చిగురించేదాన్ని, ఏడాది పొడవునా పచ్చగా ఉండేదాన్ని, మేకలు అంతగా పట్టించుకోనిదాన్ని ఎంచుకున్నాడు. తనిఖీకి వచ్చిన అధికారికి పచ్చదనం కనిపించింది, పట్టికలో గడి నిండింది. ఏ మొక్క బతికిందో రాసే గడికి మాత్రం విలువ లేకపోయింది. నేను ఆ పిల్లవాడిని తప్పుపట్టను. ఉద్యోగం పోతుందని భయపడ్డవాడు కానుగ నాటి కాపలా కాస్తూ కూర్చోలేడు.

దాని వేళ్ళు తేమను వెతుక్కుంటూ నీటి గొట్టాలలోకి, మురుగు కాలువలలోకి చొరబడతాయని అరబ్బు నగరాలు ముందే గ్రహించాయి. పుప్పొడి గాలిలో తేలి ఉబ్బసం ఉన్నవారిని ఇబ్బంది పెడుతుందన్న ఫిర్యాదులున్నాయి. పొద్దున్నే నడకకు వెళ్ళే మన వయసువారు గమనించవలసిన మాట. 2022లో తెలంగాణ ప్రభుత్వం దీనిని నాటవద్దన్నది. 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు నిషేధించాయి.

ఉన్నవాటిని ఒక్క రోజున నరికేయమని నేననను. వేసవిలో రోడ్డుకు నీడ కూడా అక్కరే. కానుగ, వేప, రేల, నేరేడు పక్కన నాటి, అవి నిలదొక్కుకున్నాక వీటిని తీసేస్తే సరిపోతుంది. మన సంఘ సభ్యులలో పంచాయతీలలో పలుకుబడి ఉన్నవారు చాలామందే ఉన్నారు. వనమహోత్సవం నర్సరీ పట్టికలో జాతి పేరు చూసి సంతకం పెట్టమని చెప్పవచ్చు. మేక తినే మొక్కకు కంచె ఖర్చెవరిదని అడిగితే, దానికీ జవాబున్నది. సర్కారు తుమ్మ కంప నరికి చుట్టూ కట్టండి. అది ఏ ఊళ్ళోనైనా ఉచితంగానే దొరుకుతున్నది.