మూసీ వరద – పసిపిల్లలకు ఒక చరిత్ర పాఠం

మన పిల్లలకు లెక్కలంటే భయం వుంటుంది, ఇంగ్లీషంటే బెరుకు వుంటుంది. చరిత్ర అనేసరికి మాత్రం ఆవులింత వస్తుంది. సాయంకాలపు తరగతులు నడిపే వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. భయపడే పిల్లవాడిని దగ్గరకు తీసుకుని ధైర్యం చెప్పవచ్చు. ఆవులించే పిల్లవాడిని ఏం చెయ్యాలి? ఎక్కాల మాదిరిగా రాజుల పేర్లు వల్లె వేయిస్తే పరీక్షనాటికి అప్పజెబుతాడు, సెలవులు అయ్యేసరికి మరచిపోతాడు. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో చేసిన యుద్ధం తనకు ఎందుకు కావాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

మన రెండు రాష్ట్రాలలోనూ అయిదవ తరగతి దాకా చరిత్ర అని వేరే పుస్తకం లేదు. పరిసరాల విజ్ఞానంలోనే అది కలిసి వుంటుంది. ఆరులో అడుగుపెట్టగానే ఒక్కసారిగా సింధు నాగరికత దగ్గర నుంచి మీద పడుతుంది. దీనిని లోపమని కొందరు అంటారు. మేము మాత్రం అదృష్టమనే అంటాము. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు ఫలానా పాఠం ఫలానా తేదీకి పూర్తి కావాలన్న తొందర చరిత్ర విషయంలో లేదు గనుక, సాయంత్రం పూట గంటసేపు చెప్పేవారికి కావలసినంత వెసులుబాటు వుంది. గుజరాతులో భావనగర్‌లో పనిచేసిన గిజూభాయి బధేకా (1885–1939) గారు తమ ‘దివాస్వప్న’లో నాలుగవ తరగతి పిల్లలకు ముందు కథలు చెప్పి, ఆ కథల వెంటనే చదువును నడిపించే ఒక మాస్టరును చూపించారు. ఆ చిన్న పుస్తకం చదవని ఉపాధ్యాయుడు వుంటే ఈ వ్యాసం ఆపి ముందు దానిని చదవవచ్చు, మాకేమీ కోపం లేదు.

అయితే కథ ఒక్కటే చాలదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ‘నిన్న’ తెలుసు, ‘పోయిన రంజాను’ తెలుసు, ‘దాదీ చిన్నప్పుడు’ అంటే కొంచెం తెలుసు. ఆ పైన అంతా ఒక్కటే – ‘అనగనగా’. చార్మినారూ అప్పుడే, అశోకుడూ అప్పుడే, దాదీ పెళ్ళీ దాదాపు అప్పుడే. అందుచేత మొదటి రోజున పాఠం చెప్పకుండా ఒక పురికొస ఉండ తెచ్చుకోవాలి. ఒక జానకు పదేళ్ళు అని పిల్లలతో ఒప్పందం చేసుకోవాలి. పిల్ల పుట్టి ఒక జాన కూడా కాలేదు. అమ్మ మూడు జానల దగ్గర, నానీ ఆరు జానల దగ్గర ముడులవుతారు. 1591లో కట్టిన చార్మినారు నలభై మూడు జానలు దాటుతుంది, అంటే ఇంచుమించు పది మీటర్లు. గది గోడ చాలదు, తాడు వరండాలోకి పోతుంది. శాతవాహనుల దగ్గరకు వెళ్ళాలంటే వీధి మలుపు దాకా నడవవలసిందే. తాడు పట్టుకుని వీధిలోకి పరుగెత్తిన పిల్లవాడికి ‘రెండు వేల సంవత్సరాలు’ అన్న మాట కాళ్ళలో వుండిపోతుంది. ఖర్చు ఒక పురికొస ఉండ!

ఇక పాఠం. ఏదైనా ఒక్క సంగతి తీసుకుని వారం రోజులు దానితోనే వుండాలన్నది మా పద్ధతి. హైదరాబాదు పిల్లలకయితే 1908 నాటి మూసీ వరదకు మించినది మాకు కనిపించలేదు. పన్నెండు జానల దగ్గరే వుంది, అంటే నానీ వాళ్ళ నానీకి తెలిసిన కాలం. రాజు వున్నాడు, కవి వున్నాడు, ఇంజనీరు వున్నాడు, పేరు తెలియని వేలమంది వున్నారు, ఒక చెట్టు కూడా వుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని ఫలితం ఇవాళ్టికీ ఊళ్ళో కళ్ళకు కనిపిస్తుంది.

మొదలుపెట్టడం వరదతో కాదు, కుళాయితో. ‘మీ ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?’ అని అడగండి. ట్యాంకు నుంచి అంటారు. ట్యాంకుకు? పైపు నుంచి. పైపుకు? ఇక్కడ నిశ్శబ్దం. ఎవరో ఒకరు గండిపేట అంటారు. ఆ నీళ్ళు తాగినవాడు పట్నం వదలడన్న సామెత ఇళ్ళలో ఇంకా వినిపిస్తూనే వుంది. ఆ తరువాతి కాలంలో మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు కూడా నగరానికి వచ్చాయి, అది కూడా చెప్పాలి. కాని ‘గండిపేట చెరువు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు’ అన్న ప్రశ్న బోర్డు మీద వ్రాసి, జవాబు చెప్పకుండా ఆనాటికి పిల్లలను పంపేయాలి. జవాబు చెప్పకుండా వుండడం మాస్టర్లకు చాలా కష్టమైన పని, అలవాటు చేసుకోవాలి.

రెండవ రోజు మట్టిపని. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ పట్నం చేరేలోపల దాని పరీవాహక ప్రాంతంలో వందల చెరువులు వున్నాయి. మనవాళ్ళు గొలుసుకట్టు చెరువులు అంటారు – పై చెరువు మత్తడి దూకితే నీళ్ళు కింది చెరువుకు వస్తాయి. వరద తరువాత లెక్క తీస్తే మొత్తం 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఈ అంకెలు నోటితో చెబితే పిల్లలకు ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆవరణలో ఏటవాలుగా వున్న చోట వరుసగా అయిదారు చిన్న మట్టి కట్టలు వాళ్ళచేతనే కట్టించండి. పైకట్ట వెనుక ఒక బకెట్ నీళ్ళు పొయ్యండి, ఆగుతుంది. మరొక బకెట్ పొయ్యండి. పైకట్టకు గండి పడిందా, ఆ ఊపుకు రెండోది, మూడోది నిలువవు. అట్టడుగున పిల్లలు అగ్గిపెట్టెలతో కట్టిన ఊరు కొట్టుకుపోతుంది. ముందు కేకలు, నవ్వులు. తరువాత ఒక పిల్ల అడుగుతుంది, ‘ఆ ఊళ్ళో మనుషులు పడుకుని వున్నారా?’ అని. అప్పుడు కూర్చోబెట్టి 1908 సెప్టెంబరు 28 కథ చెప్పాలి.

ఆ రోజు సోమవారం. ముందురోజు నుంచీ వాన ఎడతెగలేదు. రాత్రికి రాత్రి మూసీ పెరిగి, తెల్లవారేసరికి ఒడ్డుల మీద ఇళ్ళను తోసుకుపోయింది. కోల్సావాడి, ఘాన్సీ బజారు, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పోయింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. వాటన్నిటికంటే ముసలిది, 1578లో కట్టిన పురానాపూల్, దెబ్బతిన్నా నిలబడింది. ఈ మాట చెప్పగానే పిల్లలు తాడు మీద పురానాపూల్ ముడి ఎక్కడో వెతుకుతారు. వెతకనివ్వండి.

చనిపోయినవారు ఎందరు? పదిహేను వేలని సాధారణంగా వ్రాస్తారు. అంతకు ఎక్కువ వ్రాసినవారూ వున్నారు. పిల్లలకు ఈ తేడాను దాచకూడదని మా అభిప్రాయం. ‘ఎవరు లెక్కపెట్టారు? కొట్టుకుపోయినవాళ్ళను ఎట్లా లెక్కపెడతారు?’ అని వాళ్ళే అడుగుతారు. చరిత్ర పుస్తకంలోని అంకె వెనుక ఒక మనిషి కూర్చుని అంచనా కట్టాడని తొమ్మిదేళ్ళకే తెలిసిన పిల్లవాడు పెద్దయ్యాక ఎవరేమి చెప్పినా నమ్మేసే రకం కాడు. మన కాలంలో ఇది చిన్న విషయం కాదు. చరిత్ర పేరిట ఎవరు ఎవరికి పరాయివారో తేల్చే మాటలు ఫోనులో ఇంటింటికీ వస్తున్నాయి, పెద్దలు చదివి నమ్ముతున్నారు, పిల్లలు పక్కన కూర్చుని వింటున్నారు. ‘ఇది చూసినవారు ఎవరు?’ అని అడగడం నేర్పవలసిన వయస్సు పదహారు కాదు, ఎనిమిది.

అందుకు ఈ వరదలోనే మంచి సాధనలున్నాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు వుంది. వరదనాడు నూట యాభై మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. వీలుంటే పిల్లలను తీసుకెళ్ళి ఆ చెట్టును తాకనివ్వాలి. తాకిన తరువాత ‘నూట యాభై మంది పడతారా?’ అని అడగాలి. మేము అడిగినప్పుడు ఒక కుర్రవాడు కొమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మరొకడు, ‘ఎక్కినవాళ్ళు అన్నం ఎట్లా తిన్నారు సార్?’ అన్నాడు. రెండూ చరిత్రకారుడు అడిగే ప్రశ్నలే. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడ రోగులుంటారని, గోల చేయరాదని ముందే గట్టిగా చెప్పాలి సుమా.

ఇంకొక కథ వుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీ ఒడ్డుకు వచ్చి, పండితులు చెప్పిన ప్రకారం నదికి చీర, పసుపు, కుంకుమ సమర్పించి హారతి ఇచ్చారనీ, ఆ తరువాత నది తగ్గిందనీ జనం చెప్పుకుంటారు. బాధితులకు ఆయన తన భవనాల తలుపులు తెరిపించారనీ, అన్నదానం జరిపించారనీ చరిత్రలో వున్నది. మొదటిది జనం నోటి కథ, రెండవది వ్రాతల్లో వున్న సంగతి. రెండూ చెప్పాలి, రెంటికీ తేడా చెప్పాలి. నోటి కథను ‘అబద్ధం’ అని కొట్టి పారేయవద్దు. జనం తమ రాజు గురించి అటువంటి కథ చెప్పుకోవాలనుకున్నారు, అది కూడా ఒక చరిత్రే. ఈ ముక్క పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. కథ చెబితే చాలు.

మూడవ రకం సాక్ష్యం, స్వయంగా అనుభవించినవారిది. ఉర్దూలో రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ (1878–1961) ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. తాను బ్రతికారు. ఆ దినాన్ని గురించి తరువాత పద్యం వ్రాశారు. పిల్లలకు ఇది ఎంతవరకు చెప్పాలి? మాలో కొందరు అసలు వద్దన్నారు. చివరకు మేము రెండు వాక్యాలలో, గొంతు పెంచకుండా, నటించకుండా చెప్పాలనే నిర్ణయించుకున్నాము. ఆ రోజు తరగతిలో ఎవరూ ఆవులించలేదు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాము – ఇటువంటి చోట పిల్లలచేత వరద నాటకం వేయించి, మునిగిపోయినట్లు అభినయించమనడం మంచిది కాదు. అట్టకిరీటాల రాజుల నాటకాలంటేనే మాకు అంత మోజు లేదు. పిల్లవాడికి కిరీటం గుర్తుంటుంది, రాజు గుర్తుండడు.

నాలుగవ రోజు ఇంజనీరు వస్తాడు. 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ – అదే మన గండిపేట – 1920లో పూర్తయింది. దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. మొదటి రోజు బోర్డు మీద వదిలేసిన ప్రశ్నకు ఇప్పుడు పిల్లలే కేక వేసి జవాబు చెబుతారు. తాగునీటికని కట్టారనుకున్న చెరువు వెనుక మునిగిపోయిన ఊరు వుందన్నమాట! 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడడం, రోడ్లు వెడల్పు కావడం, ఒడ్డున హైకోర్టు, కొత్త ఆసుపత్రి లేవడం – వీటిని ఫోటోలు చూపించి త్వరగా దాటిపోవచ్చు. భవనాల పేర్లు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

అయిదవ రోజు పని ఇంటి దగ్గర. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన వానకు బస్తీలు మునిగాయి. దానిని చూసినవారు ప్రతి ఇంట్లోనూ వున్నారు. అమ్మనో, పెద్దక్కనో, పక్కింటి చాచానో అడిగి రమ్మనాలి. నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి? మొదట ఏమి పైకెత్తారు? ఎవరి ఇంట్లో తలదాచుకున్నారు? ఒక పిల్ల వ్రాసుకొచ్చిన జవాబు – మొదట పైకెత్తినది రేషను కార్డు, బడి సర్టిఫికెట్లు వున్న ప్లాస్టిక్ సంచీ. 1908లో ఏమి పైకెత్తి వుంటారో ఆలోచించండి అంటే, తరగతి అంతా అరగంట వాదించుకుంది. మేము మధ్యలో మాట్లాడలేదు.

ఇతర ఊళ్ళవారు తమ ఊరి సంగతి తీసుకోవాలి గాని మూసీని పట్టుకుని వ్రేలాడనక్కరలేదు. కర్నూలు వారికి 2009 అక్టోబరు వరద వుంది, అది పిల్లల అమ్మానాన్నల జ్ఞాపకమే. కృష్ణా జిల్లాలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన తాతలు ఇంకా వున్నారు. మచిలీపట్నం వారయితే తాడు ఇంకా పొడుగు చేసి 1864 నవంబరు 1 నాటి ఉప్పెన దాకా పోవచ్చు. ముప్పయి వేలమంది పోయారని అంచనా. వరదలే కానక్కరలేదు. ఊరి బావి, పాత సంత, బీడీల కార్ఖానా, రైలుస్టేషను, ఏదైనా సరే. పిల్లవాడు నడిచి వెళ్ళి తాకగలిగేది, ఇంట్లో ఎవరో ఒకరు దాని గురించి మాట్లాడగలిగేది కావాలి. ఈ రెండూ లేని పాఠాన్ని ఆరవ తరగతికి వదిలేయడం మేలు.

పిల్లలు అడిగి తెచ్చిన మాటలను ఒక లావుపాటి నోటుబుక్కులో వ్రాయించండి. చెప్పినది ఎవరు, ఏ తేదీన చెప్పారు, తాము చూసినదా, విన్నదా – ఈ మూడూ ప్రతి పేజీ పైన వుండాలి. తప్పులు దిద్దవద్దు. ఒక పిల్లవాడు ‘విన్నది’ అని వ్రాసి, కొట్టివేసి, ‘సగం చూసినది’ అని వ్రాశాడు. ఆ పేజీ అలాగే వుంచాము. ఆ నోటుబుక్కు ఇప్పుడు తరగతి గదిలో పురికొస ఉండ పక్కనే వుంది. సగం పేజీలు ఇంకా ఖాళీగానే వున్నాయి, వచ్చే ఏడాది పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు.