గేమ్ జామ్ అంటే ఏంటి..? 48 గంటల్లో గేమ్ ఎలా చేస్తారు..? చిన్న టీమ్‌లకు ఇదే అసలు పరీక్ష!

ఫోన్‌లో గేమ్‌ప్లే వీడియోలు చూసే చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఓ డౌట్ వస్తుంది.. ఇలాంటి గేమ్ మనమూ చేయొచ్చా అని. పెద్ద కంపెనీ, కోట్ల బడ్జెట్ లేకుండా ఒక్కరో, ఇద్దరు ముగ్గురో కలిసి సొంతంగా చేసుకునే గేమ్స్‌ని ఇండీ గేమ్స్ అంటారు. వీటిలో బాగా పేరు తెచ్చుకున్న కొన్ని గేమ్స్ మొదట 'గేమ్ జామ్'లోనే పుట్టాయి. రెండు మూడు రోజుల్లో గేమ్ చేసేయడం నిజంగా కుదురుతుందా? దాంతో ఉపయోగం ఏంటి? ఆ వివరాలివీ.

గేమ్ జామ్ అంటే..?

సంగీత కళాకారులు ముందస్తు ప్రిపరేషన్ లేకుండా ఒకచోట కూర్చుని అప్పటికప్పుడు వాయించడాన్ని జామ్ అంటారు. అదే మాట గేమ్స్‌లోకీ వచ్చింది. నిర్వాహకులు ఒక థీమ్ ప్రకటిస్తారు. ఆ క్షణం నుంచే టైమ్ మొదలు. గడువు ముగిసేలోపు ఆడగలిగే గేమ్‌ని అప్‌లోడ్ చేయాలి. థీమ్ ముందే తెలియదు కాబట్టి అందరూ ఒకే గీత దగ్గర నుంచి బయల్దేరతారు. చాలా జామ్‌లలో నగదు బహుమతులు ఉండవు. పాల్గొన్నవాళ్లే ఒకరి గేమ్‌ని మరొకరు ఆడి మార్కులు, కామెంట్లు ఇచ్చుకుంటారు.

ఎప్పుడు మొదలైంది..?

ఆన్‌లైన్ జామ్‌లలో బాగా పాతది 'లుడుమ్ డేర్'. ఇది 2002లో మొదలైంది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒంటరిగా 48 గంటల్లో చేసేది ఒకటి. ఇందులో బొమ్మలు, సౌండ్‌తో సహా అన్నీ సొంతంగా చేసుకోవాలి, సోర్స్ కోడ్ కూడా బయటపెట్టాలి. టీమ్‌గా 72 గంటల్లో చేసేది రెండోది. ఇక 2009లో 'గ్లోబల్ గేమ్ జామ్' వచ్చింది. ఏటా జనవరిలో చాలా దేశాల్లో ఒకేసారి, కాలేజీలు, ఆఫీసుల్లాంటి చోట్ల గుమిగూడి గేమ్స్ చేయడం దీని ప్రత్యేకత. యూట్యూబర్ మార్క్ బ్రౌన్ 2017 నుంచి నడుపుతున్న జీఎమ్‌టీకే జామ్‌కీ మంచి పేరుంది. ఇది 'ఇచ్.ఐఓ' వెబ్‌సైట్‌లో జరుగుతుంది.

ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుంది..?

మొదటి రెండు మూడు గంటలు ఐడియాకే పోతాయి. అనుభవం ఉన్న టీమ్‌లు మొదట తట్టిన ఐడియాని పక్కన పెట్టేస్తాయి. ఎందుకంటే అదే ఐడియా మిగతావాళ్లకీ తట్టే ఛాన్స్ ఎక్కువ. ఆ తర్వాత బొమ్మల జోలికి పోకుండా ముందు ఆట నడిచేలా చేస్తారు. హీరో స్థానంలో ఓ చతురస్రం, శత్రువు స్థానంలో ఓ గుండ్రటి ఆకారం పెట్టి ఆడి చూస్తారు. ఆ చతురస్రాన్ని గెంతించడంలోనే మజా లేకపోతే, ఎంత అందమైన బొమ్మ వేసినా వేస్టే.

రెండో రోజు అసలు యుద్ధం. సగం ఫీచర్లు తీసేయాల్సి వస్తుంది. సౌండ్ పని చివరి గంటలకు మిగులుతుంది. ఆ కష్టం తీర్చడానికే 2007లో లుడుమ్ డేర్ కోసం ఓ డెవలపర్ 'ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్' అనే చిన్న టూల్ చేశారు. బటన్ నొక్కితే చాలు.. కాయిన్ ఏరిన చప్పుడు, గెంతిన చప్పుడు తయారైపోతాయి. ఇప్పటికీ డెవలపర్లు దాన్ని వాడుతూనే ఉన్నారు.

జామ్‌లో పుట్టి.. హిట్ కొట్టిన గేమ్స్

సర్జన్ సిమ్యులేటర్: 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో థీమ్ మాటల్లో ఇవ్వలేదు. గుండె చప్పుడు వినిపించారు, అంతే. లండన్‌లోని బోసా స్టూడియోస్ వాళ్లు దాన్నుంచి చేతులు అదుపులో లేని డాక్టర్ చేసే గుండె ఆపరేషన్ గేమ్ చేశారు. జనం పడీపడీ నవ్వారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పూర్తి గేమ్ రిలీజైంది.

సెలెస్ట్: మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ 2015లో నాలుగు రోజుల్లో 'పికో-8'లో దీని తొలి రూపం చేశారు. పికో-8లో స్క్రీన్ సైజ్ 128 బై 128 పిక్సెల్స్, రంగులు 16 మాత్రమే. కొండ ఎక్కే ఆ చిన్న ఆట 2018 జనవరిలో పెద్ద గేమ్‌గా వచ్చి, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో బెస్ట్ ఇండీ గేమ్‌గా నిలిచింది.

బాబా ఈజ్ యూ: ఫిన్లాండ్ డెవలపర్ ఆర్వి తైకారి 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో చేసిన పజిల్ ఇది. ఆట రూల్స్ అక్షరాల దిమ్మెల రూపంలో స్క్రీన్ మీదే ఉంటాయి. వాటిని నెడితే రూల్సే మారిపోతాయి. పూర్తి గేమ్ 2019లో వచ్చింది.

హాలో నైట్: ఆస్ట్రేలియాకు చెందిన టీమ్ చెర్రీ 2013లో లుడుమ్ డేర్ కోసం 'హంగ్రీ నైట్' అనే చిన్న గేమ్ చేసింది. తర్వాత 'నేల అడుగున' అనే అర్థం వచ్చే థీమ్‌తో మరో లుడుమ్ డేర్ జరిగితే గడువు అందుకోలేకపోయింది. కానీ ఆ థీమ్ బుర్రలో ఉండిపోయింది. అదే 2017లో భూగర్భ పురుగుల రాజ్యం కథగా హాలో నైట్ అయింది.

ఇక్కడే చాలామంది పొరబడేది

ఈ కథలు వింటే రెండు రోజుల కష్టంతో లైఫ్ సెట్ అయిపోతుందనిపిస్తుంది. కానీ తేదీలు ఇంకోసారి చూస్తే విషయం అర్థమవుతుంది. సెలెస్ట్‌కు జామ్ నుంచి రిలీజ్ వరకు రెండేళ్లకు పైనే పట్టింది. బాబా ఈజ్ యూకి దాదాపు రెండేళ్లు. మూడు నెలల్లో వచ్చిన సర్జన్ సిమ్యులేటర్ లాంటివి అరుదు. జామ్‌లో తయారయ్యేది అమ్ముకునే గేమ్ కాదు. ఈ ఐడియాలో ఆడేంత మజా ఉందా, లేదా అన్న ప్రశ్నకు జవాబు మాత్రమే.

చిన్న టీమ్‌కి ఆ జవాబు చాలా విలువైనది. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశారు. ఆ టైమ్‌లో ఖర్చుల కోసం థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేశారు. ఆయన గేమ్ సూపర్ హిట్ అయింది. కానీ పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో 2024లో ఒక్క ఏడాదే 18 వేలకు పైగా గేమ్స్ వచ్చాయి. వాటిలో చాలావాటిని పట్టించుకున్నవాళ్లే లేరు. జాబ్ మానేసి, సేవింగ్స్ ఖర్చుపెట్టి మూడేళ్ల తర్వాత ఐడియా బాలేదని తెలుసుకోవడం కంటే, ఒక్క వీకెండ్‌లో తెలుసుకుంటే పోయేది రెండు రాత్రుల నిద్రే.

ఖర్చు ఎంత..?

జామ్‌కి దాదాపు సున్నా. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. యూనిటీ కూడా చిన్న డెవలపర్లకు ఫ్రీనే. అన్‌రియల్‌తో చేసిన గేమ్ ఆదాయం 10 లక్షల డాలర్లు దాటితేనే, ఆపై వచ్చినదానిలో 5 శాతం కట్టాలి.

అమ్మాలంటే మాత్రం లెక్క మారుతుంది. స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి 100 డాలర్ల ఫీజు, అమ్మకాల్లో సాధారణంగా 30 శాతం కోత. గూగుల్ ప్లే డెవలపర్ అకౌంట్‌కి ఒకేసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏటా 99 డాలర్లు. ఇంకో మెలిక.. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడితే రీఫండ్ అడగొచ్చు. గంటన్నరలో అయిపోయే చిన్న గేమ్‌ని పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి తీసుకునే వీలూ ఉన్నట్టే.

తెలుగు గడ్డపై..

హైదరాబాద్‌కి చెందిన చిన్న స్టూడియో ఓగర్ హెడ్ మన పురాణాల స్ఫూర్తితో చేసిన 'అసుర' గేమ్ 2017లో స్టీమ్‌లో రిలీజైంది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2022, 2023, 2024లో హైదరాబాద్‌లోనే జరిగింది.

గేమ్స్ అంటే ఇంట్లోవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగే. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటలనే. పందెం లేని గేమ్స్ తయారీకి ఆ నిషేధంతో సంబంధం లేదు.

మొదటిసారి చేసేవాళ్లకు

* థీమ్ వచ్చాక ఇంజిన్ నేర్చుకోవడం కుదరదు. ముందు వారమే ఓ చిన్న గేమ్ చేసి చూసుకోవాలి.

* ఒక్క స్క్రీన్, ఒక్క రూల్ చాలు. అది పూర్తయ్యాకే రెండోది.

* సగం టైమ్ అయ్యేసరికి ఆడగలిగే స్థితిలో ఉండాలి. అప్పుడే బయటివాళ్లతో ఆడించి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడాలి.

* బ్రౌజర్‌లో ఆడేలా అప్‌లోడ్ చేస్తే మంచిది. డౌన్‌లోడ్ అంటే చాలామంది వదిలేస్తారు.

* నిద్ర మానొద్దు. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడ్‌ని సరిచేయడానికే మర్నాడు సగం రోజు పోతుంది.

* చివరి గంటలో కొత్త ఫీచర్ పెట్టొద్దు. ఆ గంట అప్‌లోడ్‌కి.

ఇదంతా చేశాక ఆ గేమ్‌ని పదిమంది కూడా ఆడకపోవచ్చు. అయినా మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పెద్ద ప్రాజెక్టు కంటే, పూర్తయిన చిన్న గేమ్ ఎక్కువ నేర్పుతుంది. ఆడిన వాళ్లలో ఒక్కరైనా ఇంకోసారి ఆడతానంటే, ఆ ఐడియా మీద ఇంకో నెల ఖర్చుపెట్టొచ్చు.