ఇంకో నర్సాపురం

మాది గజ్వేలు. మా వైపు నర్సాపూర్ అంటే మెదకు జిల్లాలో అడవి పక్కన ఉన్న నర్సాపూరే. చిన్నతనంలో ఒకసారి సికింద్రాబాదు స్టేషనులో 'నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్' అని మైకులో వినిపిస్తే, మన నర్సాపూరుకు రైలు ఎప్పుడు పడిందని మా నాయనను అడిగాను. "అది ఇంకో నర్సాపురం బిడ్డా, గోదావరి ఒడ్డున ఉంటది" అన్నాడాయన. ఆ 'ఇంకో నర్సాపురం' అన్న మాట నా మనసులో ఎక్కడో నిలిచిపోయింది. చాలా ఏళ్ళకు గాని ఆ ఊరు చూడలేదు. చూసి వచ్చాక దాని గురించి చదివినవీ, చదివి ఆశ్చర్యపోయినవీ ఇక్కడ రాసుకుంటున్నాను.

నది ఒడ్డు ఊళ్ళంటే నాకెందుకింత మోజో ముందు చెప్పాలి. గజ్వేలుకు నది లేదు. ఉన్నవి హల్దీ వాగు, కూడవెల్లి వాగు. వానలు పడితే పారతాయి, లేకపోతే ఇసుక మిగులుతుంది. 2020 మే నెలలో కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్ళను పంపులతో ఎత్తిపోసినప్పుడు మా వాళ్ళు వింతగా వెళ్ళి చూసివచ్చారు. అయితే అంతకు ఎన్ని యుగాల ముందునుంచో మా వాన నీరు గోదావరికి పోతూనే ఉంది. హల్దీ మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో కలుస్తుంది. గోదావరి మా దాకా రావడానికి కరెంటు కావాలి గాని, మా నీళ్ళు గోదావరికి పోవడానికి పల్లం చాలు. ఆ పల్లం చివర, సముద్రానికి కాస్త ఇవతల, వశిష్ఠ పాయకు కుడిగట్టున ఉన్నది నరసాపురం.

ఊరు పెద్దదేమీ కాదు. నాకు ఊరికంటే రేవు నచ్చింది. అక్కడ పంటు ఎక్కితే ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి, అటునుంచి అంతర్వేది. పంటు మీద మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు, పెళ్ళివారు, అందరూ ఒకేచోట. నేను మాత్రం నది వెడల్పు చూస్తూ నిలబడ్డాను. మంజీరనే పెద్ద నది అనుకుంటూ పెరిగినవాడికి ఆ వెడల్పు కొంచెం భయం గొలిపింది కూడా.

ఈ రేవు ఒకప్పుడు ఓడలు తయారైన చోటు. పదిహేడో శతాబ్దంలో బంగాళాఖాతం వెంబడి తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు 1669 నుండి 1679 వరకు తాను చూసిన తీరాల సంగతులు రాసిపెట్టుకున్నాడు. (ఇతడే 1701లో ఇంగ్లీషు–మలయ్ నిఘంటువు అచ్చువేసినవాడు.) ఆ రాతప్రతి 1905లో గాని పుస్తకంగా వెలుగు చూడలేదు. అందులో నరసాపురాన్ని అతడు మెచ్చుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మంచి కలప, మంచి ఇనుము ఇక్కడ దొరుకుతాయంటాడు. మేకుల నుండి లంగరుల దాకా ఇక్కడి కమ్మరులే చేస్తారంటాడు. ఓడలు కట్టే మేస్త్రీల నైపుణ్యానికీ, ఓడను నీటిలోకి దించడంలో వాళ్ళు చూపే ఒడుపుకూ తలవంచుతాడు. ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను ఇక్కడే కట్టించుకునేవారు. గోల్కొండ సుల్తానుల ఓడలకూ ఇదే పుట్టిల్లు. గజ్వేలు కూడా ఆ గోల్కొండ ఏలుబడిలోదే కదా! కొండల నడుమ కోటలో కూర్చున్న రాజుకు సముద్రం మీద ఓడలుండేవన్న సంగతి మా పాఠాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

బౌరీ పేరు మిగిలింది, అతని పుస్తకం మిగిలింది. అతడంతగా మెచ్చుకున్న మేస్త్రీల పేరు ఒక్కటీ నా కంటబడలేదు.

నరసాపురాన్ని ఆనుకునే మాధవాయపాలెం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు పదిహేడో శతాబ్దంలో అక్కడ వర్తకపు కోఠీ పెట్టుకున్నారు. వాళ్ళ నోట ఊరి పేరు 'మదపొల్లం' అయింది. ఇక్కడి నేతబట్ట ఆ పేరుతోనే ఓడలెక్కింది. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ నిఘంటువులు తిరగేస్తే 'మదపొలం', 'మదపొలాన్' అన్న మాటలు నేటికీ కనిపిస్తాయి. అర్థం ఒక రకం తెల్లని నూలుబట్ట. తరువాతి కాలంలో ఐరోపా మిల్లుల్లో మరమగ్గాల మీద నేసిన బట్టకు కూడా ఇదే పేరు తగిలించారు. మాధవాయపాలెం సాలెవాడి బతుకు పోయింది, అతని ఊరి పేరు మాత్రం పరాయి మిల్లు గుడ్డకు చేరింది. ఇంతటి వెటకారం చరిత్రకే సాధ్యం.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. బందరు వర్తకం సన్నగిల్లింది, కంపెనీ బలం మద్రాసు వైపు జరిగింది. నరసాపురం ఓడల పనీ అలాగే వెనకబడింది. ఈ మధ్యకాలం గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు గనుక ముందుకు పోతాను.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుండి మతప్రచారానికి ఈ డెల్టాకు వచ్చారు. గోదావరి డెల్టా మిషను మొదలైంది వాళ్ళతోనే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో గాని పూర్తికాలేదు. అంటే వాళ్ళు వచ్చింది కాలువలు లేని, కరవుతో చితికిన గోదావరి సీమకు. పంతొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెం సూది, దారపు చెండు ఉంటే చాలు, వేరే సరంజామా అక్కర్లేదు. మొదట క్రైస్తవం పుచ్చుకున్న నిరుపేద కుటుంబాల స్త్రీలు అల్లారు. తరువాత పొలానికి పోవడం పరువు తక్కువ అనుకున్న కాపు కుటుంబాలలోని స్త్రీలూ అల్లారు. ఇల్లు దాటి రాకుండా చేయగల పని కావడమే దాని గుణం, దాని దోషం కూడా.

ఈ సంగతి లోకానికి తెలిపింది ఒక జర్మను స్త్రీ. పేరు మరియా మీస్. 1931లో పుట్టి 2023లో కన్నుమూసిన సామాజికవేత్త. 1960లలో పూణేలో జర్మను భాష బోధించింది. 1970ల చివర నరసాపురం ప్రాంతపు ఇళ్ళలో కూర్చుని, అల్లేవాళ్ళతో మాట్లాడి, 1982లో 'నరసాపురం లేసు పనివారు' అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. అందులో చేతిపని, అతుకుపని వంటి తెలుగు మాటలను అలాగే వాడుకుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె వాటిని అతుకుతుంది. నడుమ ఏజెంటు ఇంటింటికీ దారం పంచి అల్లికలు పోగుచేసుకుంటాడు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో మొదటి పువ్వు అల్లిన మనిషి చూడనే చూడదు. రోజుకు ఎన్నో గంటలు అల్లినా వచ్చేది కొద్ది పైసలు. అయినా ఏజెంటు దృష్టిలోనూ, ఇంటాయన దృష్టిలోనూ, ప్రభుత్వపు లెక్కల్లోనూ ఆమె గృహిణే. తీరిక వేళ పొద్దుపోక అల్లుతున్నదే. ఆ ఒక్క మాట వల్లనే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని మీస్ వాదన.

చదువుతుంటే నాకు మా సిద్దిపేట, దుబ్బాకల అరుగులు గుర్తొచ్చాయి. అక్కడ చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళూ ఇంట్లో కూర్చునే పనిచేస్తారు. అయితే 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటివద్ద చుట్టేవారిని కూడా కార్మికులుగానే గుర్తించింది. గుర్తింపు కార్డులు, పి.ఎఫ్., తెలంగాణ వచ్చాక జీవనభృతి, వీటిలో ఏది అడగాలన్నా ఆధారం ఆ గుర్తింపే. బీడీ పని లేసు పనికంటే మేలని నేననను, ఆ దగ్గులు విన్నవాడిని. కాని 'నువ్వు పనిమనిషివి కాదు, పనివాడివే' అని కాగితం మీద రాయించుకోవడానికీ, రాయించుకోకపోవడానికీ తేడా ఎంతో ఉంది. నరసాపురంలో ఆ పని జరగలేదు. మీస్ వాదనలో కొన్నిచోట్ల అతివ్యాప్తి ఉందనిపించినా, ఈ ఒక్క విషయంలో ఆమెతో తగువు పెట్టుకోలేను.

2024లో నరసాపురం లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇకమీదట ఇంకెక్కడో మిషను మీద అల్లినదాన్ని నరసాపురం లేసని అమ్మరాదు. మదపొల్లానికి అలాంటి రక్ష దొరకలేదు గనుక సంతోషించదగిన కబురే. అయితే ఆ గుర్తింపు సరుకుకు, ఊరికి.

తిరుగు ప్రయాణానికి ముందు మా ఇంటి టీవీ మీదికని ఒక లేసుగుడ్డ కొన్నాను. నడుమ పదహారు పువ్వులు, చుట్టూ జాలరు అంచు. ఎవరు అల్లారని అడిగాను. "చాలామంది చేతులు పడతాయండి, ఎవరని చెప్పమంటారు?" అన్నాడు కొట్టాయన. ఇంటికి వచ్చాక తిప్పి చూశాను. నాలుగు పువ్వుల అల్లిక కాస్త బిగువుగా ఉంది, మిగతా పన్నెండూ వదులుగా ఉన్నాయి.