లైను కలవగానే మొదలయ్యే పనులు

డయలప్ కాలంలో ఇంటర్నెట్ కలవగానే కంప్యూటర్ తనంతట తానే కొన్ని పనులు చేసుకునే ఏర్పాటు పుట్టడానికి ముఖ్య కారణం టెలిఫోన్ బిల్లు. హైదరాబాద్ వంటి నగరంలో ఇంటర్నెట్ నంబరుకు లోకల్ కాల్ సరిపోయేది. అయినా ఒకవైపు పల్స్ లెక్కన కాల్ చార్జీ పడేది, మరోవైపు గంటల చొప్పున కొన్న ఖాతా కరిగిపోయేది. అందుకే ఉత్తరాలన్నీ ముందే రాసి పెట్టుకుని, లైను కలిసిన నిమిషంలోనే పంపేసి, వచ్చినవి దింపుకుని, వెంటనే ఫోను పెట్టేయాల్సి వచ్చేది.

ఈ పద్ధతి ఇంటర్నెట్ కంటే ముందే ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన యూయూసీపీతో యూనిక్స్ యంత్రాలు, తరచూ కాల్ చార్జీలు తక్కువగా ఉండే రాత్రివేళ, ఒకదానికొకటి ఫోను చేసుకుని వరుసలో ఉన్న మెయిల్‌ను ఇచ్చిపుచ్చుకునేవి. అవతలి యంత్రంలో నడపాల్సిన కమాండ్లను కూడా అలాగే పంపేవి. మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ (విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్) తొలినాళ్ల మెయిల్ కూడా డయలప్ లైన్ల మీదే నడిచింది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌కు అది కాస్త ఆలస్యంగా చేరింది. చౌకలో దొరికిన షెల్ ఖాతాలో మెయిల్‌కు పైన్, వెబ్‌కు లింక్స్ వంటి ప్రోగ్రాములు వీఎస్ఎన్ఎల్ యంత్రంలోనే నడిచేవి. ఇంటి కంప్యూటర్ అక్కడ వట్టి టెర్మినల్ కాబట్టి అది సొంతంగా చేయగలిగింది పెద్దగా లేదు. ఫోను లైను మీద ఇంటర్నెట్ ప్యాకెట్లను మోసే పీపీపీ పద్ధతితో నడిచే టీసీపీ/ఐపీ ఖాతా ఉంటేనే దానికి సొంత ఐపీ చిరునామా దక్కేది. 1998 నవంబరులో సత్యం ఇన్ఫోవే దేశంలో తొలి ప్రైవేటు సేవ మొదలుపెట్టాక ఇలాంటి ఖాతాలు ఇళ్లలోకీ వచ్చాయి.

లైనక్స్‌లో పీపీపీ లైను కలిపి, ఆ వెంటనే పనులు మొదలుపెట్టించే బాధ్యత పీపీపీడీ అనే ప్రోగ్రాముది. చిరునామా ఖరారు కాగానే అది ‘ఈటీసీ’లోని ‘పీపీపీ’ ఫోల్డరులో ఉన్న ‘ఐపీ-అప్’ స్క్రిప్టును నడిపిస్తుంది. లైను తెగితే ‘ఐపీ-డౌన్’ను. ఇంటర్‌ఫేస్ పేరు, మోడెమ్ పోర్టు, వేగం, ఇటు చిరునామా, అటు చిరునామా, అదనపు గుర్తు అనే ఆరు వివరాలను స్క్రిప్టుకు అందిస్తుంది. అందులో సెండ్‌మెయిల్ వరుసను ఖాళీ చేసే లైను ఒకటి, ఫెచ్‌మెయిల్‌తో ఉత్తరాలు దింపే లైను ఒకటి, గడియారం సరిచేసే లైను ఒకటి ఉంటే ఇంటికి చాలు. చిరునామా కాల్‌కో రకంగా మారేది కాబట్టి ఫైర్‌వాల్ నిబంధనలను కూడా ఇక్కడే కొత్తగా రాసేవారు.

కొత్తవారిని తికమక పెట్టే చిక్కు కూడా ఇక్కడే ఉంది. టెర్మినల్‌లో చక్కగా నడిచిన కమాండ్ ఐపీ-అప్‌లో పెడితే చడీచప్పుడు లేకుండా ఊరుకుంటుంది. స్క్రిప్టు రూట్ అధికారంతో నడిచినా, వాడుకరి ఎన్విరాన్‌మెంట్ అమరికలేవీ దానికి అందవు. అవుట్‌పుట్ ఎక్కడా కనిపించదు. ప్రోగ్రాముకు పూర్తి దారి రాసి, ఫలితాన్ని లాగ్ ఫైలుకు మళ్లిస్తే తప్ప తప్పు ఎక్కడుందో తేలదు. అన్నీ ఒకే స్క్రిప్టులో రాయనక్కర్లేకుండా డెబియన్ ‘ఐపీ-అప్.డీ’ అనే ఫోల్డరు పెట్టి, ఏ ప్యాకేజీకి కావాల్సిన స్క్రిప్టును అదే అందులో వేసుకునే వీలు కల్పించింది.

విండోస్ ఎన్‌టీ వరుసలో బ్యాచ్ ఫైలు నుంచి లైను కలిపే ‘రాస్‌డయల్’ కమాండును పిలిచి, దాని కింద మిగతా కమాండ్లు రాసుకుంటే సరిపోయేది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోనైతే మెయిల్ పంపి, అందుకున్నాక లైను కట్ చేసే ఎంపికే ఉండేది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి కంప్యూటర్ నుంచే పీపీపీఓఈతో కలిపినప్పుడు, లైనక్స్‌లో అదే పీపీపీడీ అదే ఐపీ-అప్‌ను పిలిచేది. కనెక్షన్ పనిని రౌటర్లే చేపట్టాక ఇంటి కంప్యూటర్లలో ఆ స్క్రిప్టు అవసరం తగ్గిపోయి, ఎక్కువగా పీపీపీతో నడిచే వీపీఎన్‌ల వంటివాటికే మిగిలింది.