మారుమనస్సు ఎవరికి కావాలి?

మారుమనస్సు అనగానే మనకు ఎదుటివాళ్ళే గుర్తొస్తారు. తాగేవాడు మారాలి, గుడికి రాని అల్లుడు మారాలి అని ప్రార్థన విన్నపాలు ఇస్తాం. బాప్తిస్మం పొంది ఇరవై ఏండ్లైన మన సంగతి ఎత్తం, కాపరులమైన మేమూ అంతే. ఇందుకే ఒంగోలు సంఘ చరిత్ర ఒకసారి చూద్దాం.

యర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. యోగ గురువుల దగ్గర ఏండ్లు గడిపినా శాంతి దొరకలేదు. వ్యాపారం మీద గోదావరి వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866లో జూయెట్ దొర చేత బాప్తిస్మం పొందాడు. తర్వాత ఆయన ఊరు తాళ్లకొండపాడు దగ్గర అనేకులు నమ్ముకున్నారు. వాళ్ళు పట్టుకున్న నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టమంటే ఊరు ఊరుకుంటుందా? కొన్నిచోట్ల కొట్టారు, బావి నీళ్ళు ఆపారు. మారడం వాళ్ళకు కూడు మీదికి వచ్చింది.

అయితే మారవలసింది వాళ్ళొక్కరే కాదు. 1866లోనే ఒంగోలు వచ్చిన క్లౌ దొర పై కులాల పిల్లలకు బడి పెట్టి, వారి ద్వారా పట్టణం మారుతుందని ఎదురుచూశాడు. మాదిగలను చేర్చుకుంటే పిల్లలను మాన్పిస్తామని పెద్దలు తేల్చిచెప్పారు. ఆ రాత్రి దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో వాక్యం తెరిచారు. ఇద్దరికీ దొరికింది ఒకే భాగం, 1 కొరింథీ 1:26-29. లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని అక్కడ ఉంది. బడి పోయింది, మాదిగలు లోపలికి వచ్చారు. బోధించడానికి వచ్చినవాడే బడి పోగొట్టుకొని దిద్దుబాటు పొందడం మాకు పేరయ్య కథ కంటే తక్కువగా తోచదు.

1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆయన పూర్వం సర్వేయరు, ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తీరాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు క్లౌ దొర నీళ్ళలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా మార్చి మార్చి దిగి వాళ్ళందరికీ బాప్తిస్మం ఇచ్చారు.