1565లో విజయనగరం గెలిచి ఉంటే, ఆ జెండా మీద ఏముండేది?

1565లో తళ్ళికోట యుద్ధం విజయనగరమే గెలిచి, ఇవాళ్టికీ ఒక దేశంగా ఉందనుకోండి. దాని జెండా ఎలా ఉంటుంది? నేను మొదట కాషాయం మీద సింహం గీశాను. చూడ్డానికి అదిరింది, కానీ తప్పు.

విజయనగర రాజచిహ్నం సింహం కాదు, వరాహం. దానికి ఎదురుగా నిలువు కత్తి, పైన సూర్యుడు, చంద్రుడు. ఆ వరాహం కూడా వాళ్ళు కొత్తగా పెట్టుకున్నది కాదు. అంతకుముందు బాదామి చాళుక్యులకు, మన ఓరుగల్లు కాకతీయులకూ అదే గుర్తు. అంటే "పాత రాజ్యాలకి వారసులం మేమే" అని చెప్పుకోవడమన్నమాట. బంగారు నాణేనికి వరహా అనే పేరు కూడా దీన్నుంచే వచ్చింది.

మరి సూర్యచంద్రులెందుకు? దానశాసనాల్లో "ఆచంద్రార్కం" అని రాసేవాళ్ళు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం నిలవాలని. యుద్ధం ఓడాక హంపి పాడుబడింది. ఆ మాట నిలిచిన దేశమే నా ఊహ.

అందుకే సింహం చెరిపేసి, వరాహం గీశాను. రంగు మాత్రం నా ఇష్టం. ఊహాదేశమైనా సరే, చరిత్రని ఒక్కచోటే మార్చాలి. మిగతాదంతా ఆ మనుషులు నిజంగా తమదనుకున్నదే అయ్యుండాలి. అప్పుడే ఆ జెండాని నమ్ముతాం.