చార్మినారు వీధులలో భోజన చరిత్ర



చరిత్ర యనగానే రాజుల వంశావళులు, యుద్ధములు, కోటలు మనకు స్ఫురించును. తినెడి కూటికి గూడ చరిత్ర కలదని మనలో ననేకులు తలంపరు. ఇటీవల హైదరాబాదు పాతబస్తీలో నొక క్రొత్త వాడుక ప్రబలినది. తోవ చూపువా డొకడు పదిమందిని వెంటబెట్టుకొని కాలినడకను వీధులు త్రిప్పుచు, అంగడి యంగడికడ నాగి, అచ్చటి తినుబండారమును రుచి చూపి, దాని పుట్టుపూర్వములు చెప్పును. దీనిని తిండిపోతుల విలాసమని తీసివేయరాదు. తెల్లాపూరు వంటి ఊళ్ల పెద్దలు దీనినుండి నేర్వదగినది కలదు. ఇతరులకు నేర్పదగినదియు కలదు.

మూసీ దాటి దక్షిణమునకు నడచినచో పత్తర్‌గట్టి రాతి యంగళ్లు కనబడును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్న పిమ్మట, 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి యిట్టి వీధులను తీర్చిదిద్దెను. ఆపైన నాలుగు కమానులు, వాని నడుమ గుల్జారుహౌజు, దక్షిణమున 1591లో మహమ్మదు కులీ కుతుబుషా కట్టించిన చార్మినారు.

ఇచ్చటి వంటలలో హలీము పేరుగన్నది. గోధుమలను, పప్పులను, మాంసమును గంటలకొలది యుడికించి, కట్టెతో మెదిపి దీనిని చేయుదురు. దీని మూలము హరీసా యను అరబ్బు వంటకము; పదవ శతాబ్దపు బాగ్దాదు పాకగ్రంథమున నది కలదు. నిజాముల కొలువునకు వచ్చిన అరబ్బు సిపాయీల వెంట నిది యిచ్చటికి చేరెనని చెప్పుదురు. వారి బర్కసు పేట పేరు, సిపాయీల బారకుల యింగ్లీషు పేరునుండి పుట్టినదే. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించెను. మాంసము ముట్టనివారు నాను రొట్టెతోను, ఇరానీవారు తెచ్చిన తేనీటితోను ఈ పాఠమును చదువుకొనవచ్చును.

అయినను ఒక జాగ్రత్త వలయును. ఉస్మానియా బిస్కత్తు ఆసుపత్రి రోగులకై పుట్టినదని యొకరు, నిజాము కోరికపై పుట్టినదని వేరొకరు చెప్పుదురు. పురానీహవేలీ చెంత నాలుగు మూలల నాను కాల్చెడి యంగడి 1851 నాటిదని చెప్పుదురు. వినుటకింపుగా నున్నంతమాత్రమున కథ చరిత్ర కానేరదు. పత్రమో, శాసనమో సాక్ష్యము పలుకవలయును. పలుకనిచో దానిని నోటిమాటగనే చెప్పవలయును.

ఇది మనవంట, అది పరాయివంట యని కలహించువారు మిరపకాయను తలపవలయును. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలలో వచ్చినది. మన పూర్వులు మిరియమును బట్టి దానికి పేరిడి తమదిగా జేసికొనిరి. మన చింతపండును చూచి అరబ్బులు హిందూదేశపు ఖర్జూరమనిరి. ఇచ్చిపుచ్చుకొనుటయే వంటల చరిత్ర.

2019లో యునెస్కో హైదరాబాదును భోజనకళా నగరముగా గుర్తించెను. సంతోషమే. కాని ఆ నగరమును పోషించిన పల్లెల జొన్నరొట్టెకు, అంబలికి, సర్వపిండికి కథ చెప్పు నాథుడు లేడు. తెల్లాపూరు చుట్టు పొలములు పోయి ఆకాశము నంటు మేడలు లేచినవి. ఏ చెలకలో ఏ జొన్న పండెనో, ఏ బావినీటికి పప్పు త్వరగా నుడికెనో యెరిగినవారు మీరే. మీతో నది పోయినచో ఏ గ్రంథాలయమున వెదకినను దొరకదు.

కావున మనుమలను వెంటబెట్టుకొని ఊరిలో నొక సాయంకాలము నడువుడు. చేనున్న చోటు చూపుడు. అచ్చటి ధాన్యముతో నేమి వండిరో చెప్పుడు. సంవత్సరము జ్ఞాపకము రానిచో, ఆ యేటి కరవునో పెండ్లినో ఆనవాలుగా నిండు. కన్నది కన్నదిగను, విన్నది విన్నదిగను వేరుచేసి చెప్పుడు. పిల్లలు వ్రాసికొందురు.